యూరప్ ప్యాకేజింగ్ చట్టం: పరిశ్రమ అడుగుతున్న వాయిదా ఇవ్వాలా?

డబ్బా డిజైనర్, జర్మనీ

అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా ఆహార పదార్థాల ప్యాకింగ్ డిజైన్ పనిలో ఉన్నాను. ఈ మధ్య ఏ మీటింగుకి వెళ్లినా ఒకటే మాట, కొత్త చట్టం వాయిదా పడుతుందా అని. పడకూడదని నేనంటాను. పరిశ్రమలో జీతం తీసుకుంటూ ఈ మాటేమిటని కొందరికి కోపం రావచ్చు. అందుకే కారణాలు రాస్తున్నాను. కాదనేవాళ్లు కూడా కారణాలతోనే రాయండి.

ముందు సంగతేమిటో చెప్తాను. 1994 నాటి డైరెక్టివ్ స్థానంలో యూరోపియన్ యూనియన్ 2025/40 నంబరు రెగ్యులేషన్ తెచ్చింది. 2022 నవంబరులో ప్రతిపాదన వచ్చింది, చట్టంగా 2025 ఫిబ్రవరి 11న అమల్లోకి వచ్చింది, చాలా నిబంధనలు 2026 ఆగస్టు 12 నుంచి వర్తిస్తాయి. డైరెక్టివ్‌ను ఒక్కో దేశం తన పద్ధతిలో చట్టంగా రాసుకుంటుంది. రెగ్యులేషన్ అలా కాదు, 27 దేశాలకూ ఒకటే పాఠం. 2018తో పోలిస్తే మనిషికి వచ్చే ప్యాకింగ్ చెత్త 2030కి 5 శాతం, 2035కి 10, 2040కి 15 శాతం తగ్గాలి. మార్కెట్‌లోకి వచ్చే ప్రతి ప్యాకూ 2030కల్లా రీసైకిల్ అయ్యేలా ఉండాలి. ప్లాస్టిక్ ప్యాకుల్లో కొంత వంతు పాత ప్లాస్టిక్, అంటే వాడాక రీసైకిల్ చేసినది, కలపాలి. కిలోన్నర లోపు తాజా పండ్లు, కూరగాయలకు ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ చుట్టడం, హోటల్ గదుల్లో పెట్టే చిన్న షాంపూ సీసాలు 2030 నుంచి చాలావరకు ఆగిపోతాయి.

2022లో యూనియన్‌లో మనిషికి 186.5 కిలోల ప్యాకింగ్ చెత్త తేలింది. 2023లో 177.8 కిలోలకు తగ్గింది, కానీ అది ధరలు మండిపోయి జనం కొనడం తగ్గించిన కాలం కూడా. ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో రీసైకిల్ అయినది 2022లో 41 శాతం దగ్గరే ఆగింది. 2025కి చేరాల్సిన లక్ష్యం 50.

వాయిదా ఎందుకు వద్దంటున్నానో నా అనుభవం చెప్తాను. ఇంతకు ముందు పనిచేసిన చోట మాంసం నల్ల ట్రేలలో అమ్మేవాళ్లం. నల్ల రంగుకు వాడే కార్బన్ బ్లాక్ ఉంటే చెత్త వేరుచేసే యంత్రంలోని ఇన్‌ఫ్రారెడ్ కన్నుకి ఆ ట్రే కనపడదు. ప్లాస్టిక్ మంచిదే అయినా నేరుగా కాల్చే కుప్పలోకి పోతుంది. ఏడాదిన్నర కష్టపడి పారదర్శకమైన ట్రేకి మారాం. అచ్చులు మార్చాం, సీలింగ్ సెట్టింగులు మార్చాం. నల్ల ట్రేలో మాంసం ఎర్రగా కనపడేదని సేల్స్ వాళ్లు నెలల తరబడి గొడవ పెట్టారు. ఆ ఖర్చంతా మా మీదే పడింది. పక్క కంపెనీ నల్ల ట్రేలతోనే హాయిగా వ్యాపారం చేసుకుంది. ఇప్పుడు గడువు పొడిగిస్తే మారనివాళ్లకు ఇంకొన్నేళ్ల లాభం రాసిచ్చినట్టే. ముందు మారినవాళ్ల డబ్బు గాలికి పోయినట్టే.

రొయ్యల ప్యాకింగ్, భీమవరం

డిజైనర్ గారూ, మీరు యూరోపియన్ యూనియన్ ఆఫీసులున్న బ్రస్సెల్స్‌కి దగ్గర్లో కూర్చుని రాశారండి. నేను చెరువుకి దగ్గర్లో కూర్చుని రాస్తున్నాను. మా ప్లాంటు నుంచి వనామీ రొయ్య ఫ్రోజెన్‌గా యూరప్ వెళ్తుంది. 400 గ్రాములు, కిలో కవర్లు. ఆ కవరు నైలాన్, పాలిథిలీన్ పొరలు కలిపి చేసినది. ఎందుకంటే మైనస్ 18 డిగ్రీల్లో రొయ్య ముల్లు సూదిలా ఉంటుంది, నైలాన్ లేకపోతే కవరు చిల్లు పడుతుంది. చిల్లు పడితే రొయ్య ఎండిపోయి మంచు కాటు వేస్తుంది, బయ్యర్ మొత్తం లాటు తిప్పేస్తాడు. ఇప్పుడు ఆ నైలాన్ వల్లే కవరు రీసైకిల్ కాదంటున్నారు.

సరే, మారదాం. కానీ దేనికి మారాలి? కవరు ఎంత బాగా రీసైకిల్ అవుతుందో చెప్పే గ్రేడుల లెక్కలు ఇంకా రాలేదు. ఏ, బి, సి గ్రేడులు ఉంటాయట, 2038 నుంచి సి కూడా చెల్లదట. కొలబద్ద లేకుండా పరీక్ష పెడుతున్నారు. ఈలోగా ఒక బయ్యర్ ఒక ఫారం పంపుతాడు, ఇంకో బయ్యర్ ఇంకో ఫారం. ఒకాయన, నూనె, నీరు అంటకుండా వాడే పీఎఫ్ఏఎస్ రసాయనాలు లేవని ల్యాబ్ రిపోర్టు అడిగాడు. ఇంకొకాయన 2030 నాటి పాత ప్లాస్టిక్ శాతం ఇప్పుడే రాసిమ్మన్నాడు. ఎక్స్‌పోర్ట్ సెక్షన్‌లో ఇద్దరు పిల్లలకి ఇదే పని, ఇదే టెన్షన్. నేను చట్టం వద్దనడం లేదండి. లెక్కలు వచ్చాక అమలు పెట్టమంటున్నాను. అది తప్పా?

డబ్బా డిజైనర్, జర్మనీ

తప్పు కాదండీ. కానీ మీరు అడుగుతున్నది చట్టంలోనే ఉంది, చాలామంది అక్కడిదాకా చదవరు. ఏ డిజైన్ రీసైకిల్ అవుతుందో చెప్పే ప్రమాణాలను యూరోపియన్ కమిషన్, అంటే యూనియన్ చట్టాల అమలు చూసే సంస్థ, 2028 జనవరి 1లోగా ఇవ్వాలి. ప్యాకులు ఆ ప్రమాణాలకు తగ్గట్టు ఉండాల్సింది 2030 జనవరి 1 నుంచి, లేదా ప్రమాణాలు అమల్లోకి వచ్చిన 24 నెలల తర్వాత, ఏది ఆలస్యమైతే అది. పాత ప్లాస్టిక్ శాతానికీ ఇలాంటి ఏర్పాటే ఉంది. లెక్కించే పద్ధతి వచ్చిన మూడేళ్లకి, లేదా 2030కి, ఏది ఆలస్యమైతే అది. కమిషన్ ఆలస్యం చేస్తే గడువు దానంతటదే జరుగుతుంది. దాని మీద ఇంకో వాయిదా ఎందుకు?

ఆగస్టు 12 నుంచి నిజంగా మీద పడేవి పీఎఫ్ఏఎస్ పరిమితి, ప్యాకు నిబంధనలకు తగ్గట్టుందని తయారీదారు రాసిచ్చే అనుగుణ్యతా ప్రకటన, దాని వెనక ఉండాల్సిన సాంకేతిక పత్రాలు. ఆ పత్రాల పని బరువేనని ఒప్పుకుంటాను. బయ్యర్లు భయంతో అన్నీ ఇప్పుడే అడుగుతున్నారు. అది చట్టం తప్పు కాదు, చట్టం చదవని కొనుగోలు విభాగాల తప్పు.

ఒక విషయంలో మాత్రం పరిశ్రమ వాదన నూటికి నూరుపాళ్లు న్యాయం. ఒకే కంపెనీ గిడ్డంగుల మధ్య తిరిగే సరుకుకి రవాణా ప్యాకింగ్ మొత్తం మళ్లీ మళ్లీ వాడేదే ఉండాలన్నారు. ప్యాలెట్ చుట్టే ఫిల్మ్, బిగించే స్ట్రాప్ కూడా అందులోకి వచ్చాయి. ఎత్తుగా పేర్చిన సరుకు లారీలో కదలకుండా పట్టి ఉంచేది ఆ పల్చటి ఫిల్మే. అలాంటి చోట సవరించాల్సిందే. ఒక్క నిబంధన సవరించడం వేరు, చట్టాన్నే ఆపడం వేరు.

రీసైక్లింగ్ ప్లాంట్ ఇంజినీర్, నెదర్లాండ్స్

ఇక్కడ అందరూ ప్యాకు చేసేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. ఆ ప్యాకుని మళ్లీ ప్లాస్టిక్ ముడిసరుకు గుళికలు చేసే మా గురించి ఎవరూ అడగలేదు. నేను పనిచేసే ప్లాంటులో రెండు లైన్లు ఉండేవి, ఇప్పుడు ఒకటే నడుస్తోంది. యూరప్‌లో ప్లాస్టిక్ రీసైక్లింగ్ ప్లాంట్లు వరసగా మూతపడుతున్నాయి. చెత్తకి కొరత లేదు, గిరాకీకే కొరత. కొత్త ప్లాస్టిక్ అంత చవకగా దొరుకుతోంది. మేము చెత్త కొనాలి, వేరుచెయ్యాలి, కడగాలి, కరిగించాలి, వాసన తియ్యాలి, పైగా ఇక్కడి కరెంటు బిల్లు కట్టాలి. కొత్త గుళిక మా గుళిక కంటే తక్కువకి వస్తుంటే చట్టం అడిగేదాకా మాది ఎవరు కొంటారు?

అందుకే మాకు ఈ చట్టం ఊపిరి లాంటిది. 2030కి పానీయాల సీసాల్లో 30 శాతం, ఆహారం తగలని ప్లాస్టిక్ ప్యాకుల్లో 35 శాతం పాత ప్లాస్టిక్ ఉండాలన్నారు. 2040కి రెండూ 65 శాతం. ఆ అంకెలు చూపించే మా యజమాని బ్యాంకులో అప్పు అడిగాడు. వాయిదా అన్న మాట పేపర్లో వచ్చినప్పుడల్లా బ్యాంకువాళ్లు ఫోన్ చేస్తారు. ప్యాకింగ్ కంపెనీకి రెండేళ్లు ఆలస్యమైతే ఒక ప్రాజెక్టు వెనక్కి జరుగుతుంది, అంతే. మాకు రెండేళ్లు ఆలస్యమైతే 2030 నాటికి గుళికలు చేయడానికి మేమే ఉండం.

భీమవరం సార్‌కి ఒక మాట. నీళ్లు, కూల్ డ్రింకులు వచ్చే పెట్ ప్లాస్టిక్ బాటిల్‌ని మళ్లీ తిండికి పనికొచ్చేలా శుభ్రం చేసే పద్ధతి బాగా కుదిరింది. మీ కవరు పెట్ కాదు, నైలాన్, పాలిథిలీన్. ఆహారం తగిలే అలాంటి ప్లాస్టిక్‌కి 2030లో 10 శాతం అడిగారు. అంకె చిన్నదే, కానీ తిండికి అనుమతి ఉన్న పాత పాలిథిలీన్ దొరకడం ఈ రోజుకీ చాలా కష్టం. మీ భయం అక్కడ నిజం. డిజైనర్ గారు దాన్ని దాటేసి వెళ్లారు.

డబ్బా డిజైనర్, జర్మనీ

ఒప్పుకుంటున్నాను, అది రాసి ఉండాల్సింది.

చిన్న రెస్టారెంట్, పారిస్

నాది ముప్పై కుర్చీల దోశల రెస్టారెంట్. మళ్లీ మళ్లీ వాడే గిన్నెల మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను.

ఫ్రాన్స్‌లో 2023 జనవరి 1 నుంచి, 20 లేదా అంతకంటే ఎక్కువ సీట్లుంటే, లోపల కూర్చుని తినేవాళ్లకి పారేసే ప్లేట్లు, గ్లాసులు ఇవ్వకూడదు. అంతకు ముందు డిసెంబరులో నేను ఏడ్చినంత పని అయింది. గిన్నెలు కడిగే యంత్రం కొనాలి, వంటింట్లో చోటు లేదు, ఇంకో మనిషిని పెట్టుకోవాలి. మొదటి నెలల్లో స్టీలు గ్లాసులు మాయమయ్యాయి కూడా. ఇప్పుడు పేపర్ ప్లేట్ల బిల్లు లేదు, చెత్త డబ్బా సగం కూడా నిండదు. సాంబారు స్టీలు గిన్నెలో ఇస్తే తినేవాళ్లకీ తృప్తిగా ఉంటోంది.

పెద్ద కంపెనీలు దీన్ని యూరప్ అంతటికీ రానివ్వలేదు. 2023లో మెక్‌డొనాల్డ్స్ కెర్నీ అనే సలహా సంస్థతో నివేదిక చేయించింది. మళ్లీ వాడే గిన్నెలు తప్పనిసరి చేస్తే ఖర్చు పెరుగుతుంది, కాలుష్యమూ పెరుగుతుందన్నారు. పేపర్ ప్యాకింగ్ వాళ్లు అదే వాదన వినిపించారు. ఇటలీ ప్రభుత్వం కూడా గట్టిగా అడ్డుపడింది. చివరికి ఏమైంది? లోపల తినేవాళ్లకి ప్లాస్టిక్ మాత్రమే ఆపారు, పేపర్ కప్పు ఉండిపోయింది. అట్టపెట్టెలకి మినహాయింపు, వైన్‌కి మినహాయింపు. పానీయాల్లో 2030కి 10 శాతం మళ్లీ నింపే సీసాలు, అంతే. అప్పుడు అన్నీ తగ్గించుకుని, మిగిలినదాన్ని ఇప్పుడు వాయిదా అడుగుతుంటే నాకు బాధగా ఉంది. ముప్పై కుర్చీల దుకాణం మోసిన బరువుని వేల దుకాణాలున్న కంపెనీ మోయలేదా?

రొయ్యల ప్యాకింగ్, భీమవరం

అక్కా, మీ కష్టం అర్థమైంది. కానీ కడిగిన గిన్నె మీ వంటింట్లోనే తిరుగుతుంది. నా కవరు సముద్రం దాటి తిరిగి రాదు కదండీ. అందరికీ ఒకే మందు కుదరదు.

మాస్టర్స్ స్టూడెంట్, ఆకెన్

దూరం ఎక్కువైతే కష్టమన్నది నిజమే అంకుల్. కానీ దగ్గర దూరాల్లో ఎంత బాగా నడుస్తుందో నేను రోజూ చూస్తున్నాను. సూపర్ మార్కెట్‌లో పార్ట్‌టైమ్, ఖాళీ సీసాలు తీసుకునే యంత్రం వెనక నా డ్యూటీ. జర్మనీలో 2003 నుంచి పారేసే సీసాకి, డబ్బాకి 25 సెంట్ల డిపాజిట్, ఖాళీది తెచ్చిస్తే వెనక్కి వస్తుంది. బీరు గాజు సీసాకి 8 సెంట్లు, అది కడిగి మళ్లీ నింపేది. శనివారం సాయంత్రం జనం సంచులతో లైను కడతారు. మా తాతయ్య కొట్లో కూల్ డ్రింక్ ఖాళీ సీసాలు క్రేటులో సర్ది కంపెనీ బండికి ఇచ్చేవాడు, అదే గుర్తొస్తుంది. 2029కల్లా ప్లాస్టిక్ సీసాలు, లోహపు డబ్బాల్లో 90 శాతం వెనక్కి రావాలని ఈ చట్టం అంటోంది. రొమేనియా 2023 నవంబరులో, ఐర్లాండ్ 2024 ఫిబ్రవరిలో, ఆస్ట్రియా 2025 జనవరిలో, పోలండ్ 2025 అక్టోబరులో డిపాజిట్ మొదలుపెట్టాయి. ఈ చట్టం గడువు దాకా వాళ్లెవరూ ఆగలేదు.

రొయ్యల ప్యాకింగ్, భీమవరం

బాబూ, సీసాల సంగతిలో నీతో గొడవ లేదు. నా చివరి అనుమానం ఇది. బయటి దేశంలో చేసిన పాత ప్లాస్టిక్ వాడితే, అది యూరప్ నియమాలకు సమానమైన పద్ధతిలో సేకరించి, రీసైకిల్ చేసినదై ఉండాలట. మన దగ్గర చెత్త ఏరేవాళ్లు వీధివీధీ తిరిగి ఏరి, గోడౌన్‌లో వేరుచేస్తారు. వాళ్ల వల్లే ఇక్కడ అంత ప్లాస్టిక్ వెనక్కి వస్తోంది. దాన్ని సమానం కాదంటే నేను యూరప్ గుళికలు దిగుమతి చేసుకుని, కవరు చేసి, రొయ్యతో తిరిగి యూరప్‌కి పంపాలా?

రీసైక్లింగ్ ప్లాంట్ ఇంజినీర్, నెదర్లాండ్స్

సార్, ఆ నిబంధన కావాలని గట్టిగా అడిగినవాళ్లలో మా రంగమూ ఉంది. కొత్త ప్లాస్టిక్‌కే పాతదన్న కాగితం పెట్టి పంపేవాళ్లని ఆపడానికి మాకు వేరే దారి లేదు. ఏరేవాళ్ల కష్టాన్ని కొట్టేయాలని మాత్రం కాదు. సమానత్వాన్ని ఎలా తేల్చాలో కమిషన్ 2026 చివరికి చెప్పాలి. మీ ఎగుమతిదారుల సంఘం ఇప్పుడే అక్కడ మీ సేకరణ పద్ధతిని రాసి పెట్టాలి. అది రాసేవాళ్లు లేకపోతే ఇక్కడివాళ్లు ఇక్కడి పద్ధతే రాసుకుంటారు.

డబ్బా డిజైనర్, జర్మనీ

రొయ్యల ప్యాకింగ్ గారూ, ఇంజినీర్ గారి మాట వినండి. ఇంకొకటి నా వైపు నుంచి. నైలాన్ లేకుండా, సాగదీసిన పాలిథిలీన్ పొరని మామూలు పాలిథిలీన్‌తో కలిపి చేసిన కవర్లు ఫ్రోజెన్ సరుకుకి ఇప్పటికే వస్తున్నాయి. తల తీసి ఒలిచిన రొయ్యకి అవి నిలుస్తాయని నా నమ్మకం. ముల్లున్న మొత్తం రొయ్యకి నాకు గ్యారంటీ లేదు. మీ కవరు మందం ఎన్ని మైక్రాన్లు, తోక ఉంచి ప్యాక్ చేస్తారా తీసేసి చేస్తారా, ఇక్కడ రాయండి. మా ల్యాబ్‌లో మైనస్ 18 దగ్గర చిల్లు పరీక్ష చేయించి ఫలితం ఇదే చర్చలో పెడతాను.

రొయ్యల ప్యాకింగ్, భీమవరం

90 మైక్రాన్లండి. తోక ఉంచే చేస్తాం, బయ్యర్ అదే అడుగుతాడు.