సమస్యాపూరణం: ముగియవలెను గాని ముగియరాదు

ఈ వారం సమస్య, ఆటవెలది నాలుగో పాదం:

ముగియవలెను గాని ముగియరాదు

విషయం వన్ పీస్, నిధి వెతుక్కుంటూ ఓడలో తిరిగే సముద్రదొంగల కథతో నడిచే జపనీస్ యానిమే (బొమ్మల ధారావాహిక). 1999 అక్టోబరు 20న జపాన్ టీవీలో మొదలైంది, 2021 నవంబరులో వెయ్యో ఎపిసోడ్ వచ్చింది. నేను హాస్టల్లో ఉండగా మొదలుపెట్టాను. ఇప్పుడు మా అబ్బాయి పక్కన కూర్చుని చూస్తున్నాడు. ఎప్పుడు అయిపోతుందా అని విసుగు, అయిపోతే ఎలా అని బెంగ, రెండూ ఒకేసారి. పాదం అక్కణ్ణుంచే వచ్చింది. మిగతా మూడు పాదాలు మీవి.

గోదారిగట్టు:

గడ్డి టోపి కుర్ర కడలిలో దిగినాడు
నిధిని వెదకుచుండె నేటిదాక
వేయి భాగములను వీక్షించితిని నేను
ముగియవలెను గాని ముగియరాదు

తేనెపట్టు: గణాలు, యతులు సరిపోయాయండీ. మూడో పాదంలో "నేను" మాత్రం వ్యర్థపదం. "వీక్షించితిని"లోనే నేను ఉన్నాను కదా. పాదం నింపడానికి మాట తెచ్చిపెట్టడం, ఎపిసోడ్ నింపడానికి ఫిల్లర్ (అసలు కథలో లేని భాగం) పెట్టడం ఒకటే. "వేయి భాగములను విడువక చూచితి" అంటే పట్టుదల కూడా తెలుస్తుంది.

గోదారిగట్టు: సవరణ తీసుకున్నాను. ధన్యవాదాలు.

నీలాటిరేవు:

మెర్రి మండుచుండ మిత్రులందరు నేడ్వ
మంచు కురిసె నాడు మనసు తడిసె
ఓడ కథయె తీర నోర్వదు నా మది
ముగియవలెను గాని ముగియరాదు

తేనెపట్టు: "ఓ"కి "నో"తో యతి ఎలా?

నీలాటిరేవు: తీరన్ + ఓర్వదు. ద్రుతం (చివరి న్) మీద అచ్చు కాబట్టి స్వరయతి చెల్లుతుందండీ.

నా మాట: చెల్లుతుంది. "మనసు తడిసె" నలిగిన మాటే, కానీ దాని ముందు మంచు ఉంది కనుక నిలబడింది. మెర్రి అనే తమ ఓడకు వీడ్కోలు చెప్పే 312వ ఎపిసోడ్ అది. చిన్న పడవలో నిలబడి కథానాయకుడు లూఫీ (ఆ గడ్డి టోపీ కుర్రాడే) తన చేత్తోనే కాగడా అంటిస్తాడు. ఓడ మొనకున్న గొర్రె తల మంటల్లో కనిపిస్తుంటే, ఇంకొంత దూరం మోసుకెళ్లాలనుకున్నాను, క్షమించండి అంటుంది మెర్రి. చెక్కతో చేసిన ఓడ కోసం నేను అంతగా ఏడ్చానని ఇవాళ్టికీ చెప్పుకుంటాను. ఇక "ఓడ కథ"లో నావతోపాటు రచయిత ఐఇచిరో ఓడా కూడా పలికాడు. దీర్ఘం తగ్గినా శ్లేష అందింది.

తేనెపట్టు:

నిన్న జరిగినదియె నేడును చూపించి
కథను ముందుకింత కదలనీరు
సాగదీత వేరు సాహస మది వేరు
ముగియవలెను గాని ముగియరాదు

గోదారిగట్టు: క్రమాలంకారంతో సమస్య విడిపోయింది! సాగదీత ముగియవలెను, సాహసం ముగియరాదు. "కదలనీరు" కాస్త కటువేమో. వారం వారం టీవీలో రావాలి, వెనకాల మాంగా (మూలమైన బొమ్మల పుస్తకం) అంత వేగంగా రాదు. ఒక అధ్యాయాన్ని ఒక ఎపిసోడ్ అంతా పరచక వాళ్లేం చేస్తారు?

తేనెపట్టు: ఆగవచ్చు కదండీ. డ్రెస్‌రోసా ఘట్టంలో ఒక్కో ఎపిసోడ్‌కి అధ్యాయం కూడా పూర్తిగా అందలేదు. పరిగెత్తేవాళ్లు పరిగెత్తుతూనే ఉన్నారు.

తేనెపట్టు గారితోనే ఏకీభవిస్తాను. 2026 నుంచి ఏడాదికి 26 ఎపిసోడ్లు మించకుండా, మధ్యలో విరామాలిచ్చి తీస్తామని ఈ యానిమే తీసే తోయీ సంస్థ వాళ్లే ప్రకటించారు. "ముగియవలెను" సగానికి దారి దొరికినట్టే. ఈ వారం ఉత్తమ పూరణ ఇదే.

కానీ నేను దాచుకునేది నీలాటిరేవు గారిది. మా వాడు ఇంకా 290ల్లో ఉన్నాడు. ఆ పద్యం వాడికి 312కి ముందు చదివి వినిపించాలా, తర్వాతా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.