గుండె వాల్వ్ మార్చాక నాన్నకు లెక్కలు తప్పుతున్నాయి, మీ ఇంట్లో ఎవరికైనా ఇలా అయిందా?

మాది గుంటూరు. నాన్నకు 76 ఏళ్లు. గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలో ఉండే అయోర్టిక్ వాల్వ్‌లో కాల్షియం పేరుకుని ఇరుకైపోతే, మూడు నెలల కిందట విజయవాడలో ఛాతీ తెరిచి టిష్యూ వాల్వ్ (జంతు కణజాలంతో చేసినది) వేశారు. ఎకో (గుండె స్కాన్) బాగుంది, ఆయాసం పోయింది.

మా బాధంతా వేరే. నాన్న మిర్చి యార్డులో 30 ఏళ్లు గుమస్తాగా చేశారు. ఎన్ని టిక్కీలో (మిర్చి బస్తాలు), క్వింటా రేటెంతో చెబితే చాలు, కాగితం లేకుండానే మొత్తం చెప్పేసేవారు. నిన్న పాలబ్బాయికి ఇవ్వాల్సిన నోట్లు మూడుసార్లు లెక్కపెట్టి, చివరికి నా చేతిలో పెట్టి “నువ్వే చూడమ్మా” అన్నారు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఐసీయూలో రెండు రాత్రులు మమ్మల్ని గుర్తుపట్టలేదు. పెద్ద వయసులో ఆపరేషన్ తర్వాత అలా డెలీరియం (కొద్దిరోజుల మతి తడబాటు) రావడం మామూలేనన్నారు. అది తగ్గింది, ఈ తడబాటు మాత్రం మిగిలింది. సాయంత్రాలు పార్కుకీ వెళ్లడం లేదు. అదే నాకు ఎక్కువ టెన్షన్.

మీ పెద్దవాళ్లకు ఎన్నాళ్లకు కుదుటపడింది? న్యూరాలజిస్టు దగ్గర మెమరీ టెస్టు, బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించారా? మళ్లీ నలుగురిలోకి ఎలా తీసుకెళ్లగలిగారు? దయచేసి చెప్పండి.