గ్రీకు పురాణాల్లోని అపోలో, డాఫ్నీల కథని ఒక కార్డినల్ (పోప్ తర్వాతి స్థాయి చర్చి పెద్ద) ఎందుకు చెక్కించుకున్నాడు?
రోమ్‌లోని బోర్గీసె గ్యాలరీలో ఇటలీ శిల్పి బెర్నినీ చెక్కిన అపోలో, డాఫ్నీల శిల్పం ఫొటోలు చూశాను. దేవుడు అపోలో వెంటపడి పట్టుకునే సరికి వనదేవత డాఫ్నీ చెట్టుగా మారిపోతూ ఉంటుంది: చేతివేళ్ల చివర ఆకులు మొలుస్తుంటాయి, ఒంటికి బెరడు చుట్టుకుంటుంది, కాలివేళ్లు వేర్లవుతుంటాయి, పాలరాయిలో అంత పల్చటి ఆకులా అని నోట మాట రాలేదు! 1622-25 మధ్య దీన్ని చెక్కించింది కార్డినల్ షిపియోనె బోర్గీసె. పీఠం మీదున్న నీతి పద్యం, తర్వాత పోప్ అయిన మఫెయో బార్బెరీనీది. నా సందేహం అక్కడే. క్రైస్తవం వేళ్లూనుకుని వెయ్యేళ్లు దాటాక కూడా చర్చి పెద్దలే ఈ పాత దేవుళ్ల కథల్ని ఇంత ఇష్టంగా ఎందుకు దగ్గర పెట్టుకున్నారు? నీతికథలుగానే చూశారా, లేక లాటిన్ చదువుల్లో ఈ కథ రాసిన రోమన్ కవి ఓవిడ్ అంతగా నాటుకుపోవడం వల్లా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. మొదట ఓవిడ్‌నే చదవాలా, గ్రీకు కవి హోమర్‌తో మొదలుపెట్టాలా? ఇంగ్లిష్ అనువాదమైనా పర్లేదు.