ఈ వారం సమస్య: "వాన లేని చోట వానవిల్లు"

తుమ్మెద (నిర్వాహకుడు):
మొన్న ఎండలో నీళ్ళ ట్యాంకరు గొట్టం ఊడిపోయి వీధి మధ్యన నిలువెత్తు ఫౌంటెన్ లేచింది. బిందెలు పట్టుకుని పరుగెత్తినవారిలో ఒక్కరూ పైకి చూడలేదు. చూసి ఉంటే ఏడు రంగులూ కనబడేవి. పద్యానికి ఈ చివరి పాదం అక్కడే తట్టింది. ముందున్న మూడు పాదాలు మీరు పూరించాలి. కల వచ్చిందనీ, గోడ మీద బొమ్మ గీశారనీ, సినిమా సెట్టింగనీ తప్పించుకోవద్దు. అవన్నీ ఇక్కడ అరిగిపోయిన దారులు. విల్లు ఎలా పుట్టిందో పద్యంలో ఆనవాలు దొరకాలి. ఇక కానివ్వండి.

గోదారిగట్టు:
అందరికన్నా ముందు నాదే.

కొండ నుండి దూకు కుంతాల జలధార
తుంపరలుగఁ జిందు తోయమందు
వెనుక నెండ కాయ వెలసెఁ గన్నుల ముందు
వాన లేని చోట వానవిల్లు.

నల్లమల:
ఆదిలాబాద్ అడవిలోకి తీసుకుపోయారు. కడెం వాగు హోరు వినబడుతోంది.

గణితం మాస్టారు:
"వెనుక నెండ కాయ" అన్న మూడు మాటలే ఈ పద్యానికి ప్రాణం. పొద్దు వీపు వైపు, తుంపర ముఖం వైపు ఉంటే తప్ప విల్లు లేదు. దానికి నా దండం. మరి రెండో పాదం? జలధార అని మొదటి పాదంలో చెప్పాక, రెండో పాదంలో మళ్ళీ నీళ్ళే అయిన తోయం ఎందుకు వచ్చిందో నాకు తెలుసు, మీకు తెలుసు, పాదం నడుమ అక్షరం కుదరాలనే యతికి బాగా తెలుసు. గోదారిగట్టు గారికి నీటి కొరత ఎప్పుడూ లేదనుకోండి.

ఇంకొక్క సందేహం. పూట ఏదో చెప్పలేదు. పొద్దు 42 డిగ్రీలకన్నా పైకెక్కితే, కింద నిలబడి తలెత్తేవాడికి ఆకాశంలో విల్లు దొరకదు. గట్టు మీద నిలబడి లోయలోకి చూస్తే మాత్రం మిట్టమధ్యాహ్నమైనా కాళ్ళ కింద కనబడవచ్చు. మీరు నిలబడింది కిందనా, పైననా?

గోదారిగట్టు:
నేనెక్కడ నిలబడ్డానో కొలతలతో సహా చెప్పాలా మాస్టారూ? పోయిన నెల "మండుటెండలోన మంచు గురిసె" అన్న సమస్యకు వడగళ్ళు కురిపించి చేతులు దులుపుకున్నది ఎవరు? వడగల్లు మంచు ఎలా అవుతుందని అప్పుడు ఎవరైనా అడిగారా?

గణితం మాస్టారు:
అడగాల్సిన పని లేదు. నిలువుగా పెరిగిన ఉరుముల మబ్బులో ఎగదన్నే గాలి నీటిబొట్టును పైకి మోసుకుపోతుంది. అక్కడ అది గడ్డకడుతుంది. మీద కొత్త తడి చేరి మళ్ళీ గడ్డకట్టి, పొర మీద పొరగా పెరిగి, గాలి మోయలేనంత బరువయ్యాక నేలకు రాలుతుంది. వడగల్లును అడ్డంగా కోస్తే ఉల్లిపాయలా పొరలు కనబడతాయి. అది మంచుగడ్డ కాక మరేమిటి? పైగా మన ఊళ్ళలో వడగళ్ళు పడేది మండు వేసవిలోనే. ఆ పద్యం కింద "భేష్" అని రాసినవారు కూడా తమరే.

గోదారిగట్టు:
ఆ రోజు మీ పుట్టినరోజు. మొహమాటపడ్డాను.

తుమ్మెద:
పాత వడగళ్ళు ఎప్పుడో కరిగిపోయాయి. ఈ వారానికి రండి.

నల్లమల:
మా వైపు వానే గగనం. అందుకని సమస్యను మా నేలకే తెచ్చుకున్నాను.

కరవు సీమలోనఁ గాయకష్టముఁ జేసి
రైతు పైరు మీఁద రాల్చు జల్లు
సంజ యెండ సోకి చక్కఁగా విరిసెను
వాన లేని చోట వానవిల్లు.

కాటుకపిట్ట:
మిగతా వాళ్ళం వాన ఆగిన చోటు కోసం వెతుకుతున్నాం. మీరు వాన పడని నేలనే చూపించారు. "వాన లేని చోట" అన్న మాటకు ఇంత బరువుందని నాకు తట్టలేదు. వేరుసెనగ చేలో సాయంత్రం స్ప్రింక్లర్ తిరుగుతుంటే, జల్లు మన ముందుకు వచ్చినప్పుడల్లా విల్లు ముక్క మెరిసి, పక్కకు తిరగగానే మాయమవుతుంది. అదే చూసినట్టుంది.

గణితం మాస్టారు:
సంజ వేళ పెట్టారు కాబట్టి పొద్దు కిందనే ఉంది, విల్లు ఎత్తుగా లేస్తుంది. లెక్క సరిపోయింది. కానీ "చక్కఁగా" ఏమిటండీ? అంత మంచి ఊహకు అంత బోసి మాటా? ఖాళీ జాగాలో పీట వేసినట్టుంది. నేనైతే ఇలా అంటాను:

సంజ యెండ సోకి సాగి వంగె నెదుట

విల్లుకు వంపు వచ్చింది, పొద్దుకు ఎదురుగా ఉందన్న సంగతీ వచ్చింది.

నల్లమల:
తీసుకున్నాను మాస్టారూ. ఒకసారి అసలు విల్లు పైన ఇంకో మసక విల్లు కూడా కనబడింది. దానిలో రంగులు తిరగబడి ఉన్నాయి.

గణితం మాస్టారు:
బొట్టు లోపలి గోడకు కాంతి ఒక్కసారి తగిలి తిరిగితే మొదటి విల్లు, రెండుసార్లు తగిలితే రెండోది. అది 51 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఎరుపు లోపలికి పోతుంది. ఈసారి కనబడితే రెంటి మధ్య ఆకాశం చూడండి, చుట్టుపక్కల కన్నా నల్లగా ఉంటుంది. ఇంకొకటి, మీ స్ప్రింక్లర్ బొట్లు కాస్త పెద్దవి కాబట్టే రంగులు నిండుగా వచ్చాయి. పొగమంచు లాంటి సన్న తుంపర అయితే రంగులు ఒకదాని మీద ఒకటి పడి విల్లు తెల్లబోతుంది.

పాలవెల్లి:
నీళ్ళు, తుంపరలు చాలించండి. నేను ఆకాశంలోనే తేల్చేశాను.

చలువ మబ్బు లోని సన్న మంచు పలుకు
లందు వంగి వెలుఁగు లందమొప్ప
సూర్యుని చుట్టు గుడిగ సొంపుగాఁ గట్టెను
వాన లేని చోట వానవిల్లు.

కాటుకపిట్ట:
మూడో పాదం రెండుసార్లు చదివాను పాలవెల్లి గారూ. "సూర్యు" అయ్యాక "నిచు" దగ్గర అడుగు తడబడింది. ఆ "ని" ఒక్కటీ అదనం.

పాలవెల్లి:
"సూర్యు చుట్టు" అంటే వ్యాకరణం కుంటదా?

తుమ్మెద:
కుంటదు. పద్యంలో అది రాచబాట. "ని" తీసేయండి, పాదం దానంతట అదే నడుస్తుంది.

గణితం మాస్టారు:
"ని" పోయినా పద్యం నిలబడదు. తమ్ముడూ, మీరు చెప్పింది వానవిల్లు కాదు, వరదగుడి. వరదగుడి కోసం పొద్దు వైపే చూడాలి, విల్లు కోసం పొద్దుకు వీపు పెట్టాలి. గుడి పొద్దు చుట్టూ 22 డిగ్రీల దూరంలో కడుతుంది. విల్లుకు నడిమి చుక్క పొద్దుకు సరిగ్గా ఎదురుదిక్కున, మన తల నీడ పడే చోట ఉంటుంది. గుడిలో ఎరుపు లోపలి అంచున, విల్లులో బయటి అంచున. ఆరు పలకల మంచు స్ఫటికం గుండా కాంతి దూసుకుపోతే గుడి, గుండ్రని బొట్టులో దూరి వెనక్కి మళ్ళితే విల్లు. ఈ రెండూ ఒకటే అంటే నేను ఒప్పుకోను.

గోదారిగట్టు:
పాతకాలపు జ్యోతిషుడు వరాహమిహిరుడు ఒప్పుకుంటాడేమో చూడండి. సూర్యుని పలురంగుల కిరణాలు మబ్బు పట్టిన ఆకాశంలో గాలికి చెదిరి విల్లులా కనబడితే అదే ఇంద్రధనుస్సు అని ఆయన బృహత్సంహితలో ఉంది. చినుకు అని లేదు, బొట్టు అని లేదు. పాలవెల్లి పద్యం ఆ లెక్కన నిక్షేపంలా చెల్లుతుంది.

గణితం మాస్టారు:
పాలవెల్లి మీద ప్రేమా, నా మీద కోపమా? రంగులు సూర్యకిరణాలవేనని ఆరో శతాబ్దంలోనే అన్నాడు, అది గొప్ప మాట. గాలి సంగతే నిలబడదు. ఈదురుగాలికి చినుకులు ఏటవాలుగా కొట్టుకుపోతున్నా విల్లు చెక్కుచెదరదు. ఒక చినుకు తప్పుకున్న చోటికి మరో చినుకు వచ్చి అదే కోణంలో అదే రంగు పంపుతుంది. పైగా ఆయన విల్లులా అన్నాడు. మన పాలవెల్లి గుడి కట్టాడు.

సరే, నన్ను ఇంత లాగారు కనుక నా పూరణ:

గదిని మూసివేసి గాజు గోళము నింపి
నీటితోడఁ జూచె నిబ్బరముగ
పారసీక బుధుఁడు పట్టి బంధించెను
వాన లేని చోట వానవిల్లు.

ఆయన కమాలుద్దీన్ అల్ ఫారిసీ. 14వ శతాబ్దం తొలి ఏళ్ళలో, అంతకుముందటి అరబ్బు పండితుడు ఇబ్న్ అల్ హైసమ్ దృష్టిశాస్త్రానికి వ్యాఖ్య రాస్తూ ఈ పని చేశాడు. చినుకును చేత్తో పట్టుకుని పరీక్షించలేం కదా, అందుకని నీళ్ళు నింపిన గాజుగోళాన్ని పెద్ద చినుకు అనుకున్నాడు. కాంతి లోపలికి పోతూ ఒకసారి వంగి, వెనుక గోడకు తగిలి తిరిగి, బయటికి వస్తూ మళ్ళీ వంగుతుందని తేల్చాడు. ఇంచుమించు అదే కాలంలో జర్మనీలో ఫ్రైబర్గ్ థియోడరిక్ కూడా, ఈయన సంగతి తెలియకుండానే, నీళ్ళ గోళంతోనే అదే తేల్చాడు.

నల్లమల:
"పట్టి బంధించెను" అద్భుతం. ఈ వారం దీన్ని కొట్టేది లేదు.

గోదారిగట్టు:
కొట్టేది ఉందో లేదో నేను చూస్తాను. "నింపి" మొదటి పాదంలో, "నీటితోడ" రెండో పాదంలో. చదివేవాడు గోళంలో ఏం నింపారోనని పాదం చివర ఆగి చూడాలి. నల్లమల గారి "చక్కఁగా"ను ఏరిన చేతికి సొంత "నిబ్బరముగ" దొరకలేదు పాపం. అన్నిటికన్నా పెద్ద సంగతి చెప్తాను: గది మూసేశారు. మరి వెలుగు ఎక్కడి నుంచి వచ్చింది? చీకట్లో విల్లు చూశాడా మీ బుధుడు?

గణితం మాస్టారు:
గోడకు చిన్న రంధ్రం ఉంది.

గోదారిగట్టు:
గోడకు ఉంది. పద్యానికి లేదు.

తుమ్మెద:
ఈ దెబ్బ తగిలింది మాస్టారూ. "గదికిఁ గంతఁ జేసి" అనండి, వెలుగు లోపలికి వస్తుంది, యతీ చెడదు.

గణితం మాస్టారు:
కంత నాకు నచ్చింది. గోదారిగట్టు గారు కన్నం వెతకడంలో ఎప్పుడూ ముందుంటారు.

కాటుకపిట్ట:
మీ ఇద్దరూ తేల్చుకునేలోపు నాది.

కురియు చినుకు లచటఁ గోటానుకోట్లుగా
వంచి పంపు రంగు వచ్చి తాఁకు
కన్ను దాఁటి లేదు కానఁ గంటనె పుట్టు
వాన లేని చోట వానవిల్లు.

నల్లమల:
ఇందాకటి నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. వాన లేని చోటు కన్నా!

గణితం మాస్టారు:
వాన ఉన్న చోటు నుంచి విల్లును తప్పించి, చూసేవాడి కంట పెట్టారు. అది నిజం కూడా. పక్కపక్కన నిలబడిన ఇద్దరికి రంగులు పంపే చినుకులు ఒకటి కావు, కాబట్టి ఇద్దరి విల్లూ ఒకటి కాదు. ఫ్రెంచి తత్వవేత్త దెకార్త్ 1637లో ఇదంతా లెక్క కట్టి చూపాడు. చినుకు మీద ఎక్కడెక్కడో పడిన కిరణాలు తిరిగొచ్చేటప్పుడు 42 డిగ్రీల దగ్గర గుంపు కడతాయి, అక్కడే వెలుగు చిక్కబడుతుంది. రంగులు ఎందుకు విడిపోతాయన్నది న్యూటన్ పట్టకం దాకా ఆగింది. ఎరుపు కాస్త తక్కువగా, ఊదా కాస్త ఎక్కువగా వంగుతాయి. అందుకే ఎరుపు 42 పైచిలుకు దగ్గర, ఊదా 40 పైచిలుకు దగ్గర నిలుస్తాయి. ఈ ఒకటిన్నర, రెండు డిగ్రీల పట్టీలోనే మనం చూసే సంబరమంతా.

గోదారిగట్టు:
ఉపన్యాసం సగానికి తగ్గించినా ప్రశంస తగ్గదు మాస్టారూ. అమ్మా, పద్యం బంగారం. రెండో పాదం "తాఁకు" దగ్గర ఆగకుండా మూడో పాదంలోని "కన్ను" మీదికి జారడం చాలా బాగుంది. ఒక్క మాట అడుగుతాను. "పుట్టు" బదులు "పుట్టె" అంటే చెవికి ఇంకా హాయిగా ఉండదూ?

కాటుకపిట్ట:
హాయిగానే ఉంటుంది గోదారిగట్టు గారూ, కానీ మార్చను. "పుట్టె" అంటే ఒకరికి ఒకసారి పుట్టి ఆగిపోతుంది. నాకు కావలసింది అది కాదు. మీరు తల తిప్పినా, రెండడుగులు పక్కకు వేసినా, పక్కవారు వచ్చి చూసినా, ఎవరి విల్లు వారికి కొత్తగా పుడుతూనే ఉండాలి.