రాత్రి జాబ్‌లు: టైమ్ పెట్టి వదలాలా, ఒకదాని వెనక ఒకటి కట్టాలా?

కొత్తబ్యాచ్:
మా ఎస్‌ఏపీలో (కంపెనీ లెక్కలు, సరుకు చూసే సాఫ్ట్‌వేర్) రోజూ రాత్రి మూడు జాబ్‌లు, అంటే వాటంతటవే మొదలయ్యే పనులు, నడుస్తాయి. 1:00కి డెలివరీలు, 1:30కి ఇన్‌వాయిస్‌లు, 2:15కి చెల్లింపుల ఫైల్. మూడూ ఎస్‌ఎమ్‌36లో (జాబ్‌లు పెట్టే తెర) టైమ్ ఇచ్చి, పీరియాడిక్‌గా (రోజూ తిరిగి నడిచేలా) పెట్టినవే. నెలాఖరున డెలివరీల జాబ్ 1:50 దాకా సాగింది. ఇన్‌వాయిస్‌ల జాబ్ 1:30కే మొదలై, అప్పటికి తయారైన డెలివరీలను మాత్రమే తీసుకుంది. పొద్దున ఎస్‌ఎమ్‌37లో (జాబ్‌ల స్థితి చూపే తెర) చూస్తే మూడూ ఫినిష్డ్. లెక్క తక్కువొచ్చిందని అకౌంట్స్ వాళ్ళు చెప్పేదాకా మాకెవరికీ తెలియలేదు. టైమ్ తీసేసి ఒకదానికొకటి కట్టమని మా టీమ్‌లో సగం మంది, వద్దని సగం మంది. మీ దగ్గర ఎలా చేస్తున్నారు?

లెడ్జర్:
ఇన్‌వాయిస్‌ల జాబ్‌కి ఒంటిగంటన్నరతో పనేముందండీ? దానికి కావలసింది డెలివరీలు పూర్తవడం. ఏది కావాలో అదే షరతుగా పెట్టాలి. స్టార్ట్ కండిషన్‌లో (జాబ్ ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే చోట) ‘ఆఫ్టర్ జాబ్’, అంటే ఫలానా జాబ్ తరవాత అన్నది, ఉంది. అక్కడే ‘స్టేటస్ డిపెండెంట్’ టిక్ పెడితే, ముందుది క్యాన్సిల్ అయినప్పుడు వెనకది కదలదు. ఆ అరగంట గ్యాప్ ఎవరో ఎప్పుడో ఒక మామూలు రోజు చూసి వేసిన అంచనా. డేటా పెరిగింది, గ్యాప్ అక్కడే ఉండిపోయింది.

రాత్రిడ్యూటీ:
‘ఆఫ్టర్ జాబ్’కి పీరియాడిక్ లేదు. ఒక్కసారి నడిచి అయిపోతుంది. రేపు రాత్రికి మళ్ళీ ఎవరు పెడతారు?

లెడ్జర్:
అయితే ఈవెంట్ (జాబ్‌ని మొదలుపెట్టే సంకేతం) వాడండి. ఎస్‌ఎమ్‌62లో ఈవెంట్ తయారు చేసి, డెలివరీల జాబ్‌కి ఆఖరి స్టెప్‌గా ఆ ఈవెంట్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్ పెట్టాలి. ‘ఆఫ్టర్ ఈవెంట్’కి పీరియాడిక్ ఉంది. ముందు స్టెప్ పడిపోతే జాబ్ అక్కడే క్యాన్సిల్ అవుతుంది, ఆఖరి స్టెప్ దాకా రాదు, ఈవెంట్ లేవదు.

రాత్రిడ్యూటీ:
మీరు మొదట చెప్పింది ‘ఆఫ్టర్ జాబ్’. రోజూ నడవాల్సిన వాటికి అది పనికిరాదని ఒప్పుకుంటే ముందుకెళ్దాం.

లెడ్జర్:
పనికిరాదని నేననను. ముందు జాబ్‌ని పెట్టే ప్రోగ్రామే వెనకదాన్నీ పెట్టొచ్చు, మేం అలాగే చేశాం. అయినా అడిగినాయన సమస్య ఆ పీరియాడిక్ టిక్ కాదు కదండీ.

పాతకాపు:
విడిగా ఒక షెడ్యూలర్ సాఫ్ట్‌వేర్ కొనుక్కుంటే ఈ గొడవే ఉండదు.

నిదానం:
టైమ్ పద్ధతిలో ఇంకో చిక్కుంది. సిస్టమ్‌ని 12 నుంచి 3 దాకా ఆపారనుకోండి. మళ్ళీ లేచాక, టైమ్ దాటిపోయిన రిలీజ్డ్ (నడవడానికి అనుమతి ఇచ్చి ఉంచిన) జాబ్‌లన్నీ ఒక్కసారిగా బయల్దేరతాయి. మూడు బ్యాచ్ ప్రాసెస్‌లు (ఒక్కోటి ఒక్కో జాబ్‌ని నడిపేవి) ఖాళీగా ఉంటే మూడూ పక్కపక్కనే నడుస్తాయి. మీరు పెట్టిన గ్యాప్ అప్పుడు ఉండదు. ‘నో స్టార్ట్ ఆఫ్టర్’ (ఈ టైమ్ దాటితే మొదలవ్వొద్దు) గడిలో హద్దు పెట్టాలి. ఆ గడి నింపినవాళ్ళని నేను చాలా తక్కువగా చూశాను.

రాత్రిడ్యూటీ:
నిదానం గారు చెప్పింది నిజం, ఆ గడి నేను నింపుతాను. కానీ గొలుసు కడితే ఏమవుతుందో కూడా వినండి. మొదటిది పడితే వెనకున్నవన్నీ రిలీజ్డ్‌లో ఉండిపోతాయి. ఎర్రగా ఏమీ కనపడదు, ఎందుకంటే అవి ఫెయిల్ కాలేదు, అసలు మొదలే కాలేదు. టైమ్ పెడితే కనీసం మిగతా రెండూ నడుస్తాయి. పైగా ఈవెంట్ లేచిన క్షణాన దానికోసం కాచుకున్న జాబ్ లేకపోతే ఆ రాత్రికి అంతే.

లెడ్జర్:
‘కనీసం నడుస్తాయి’ అన్నదే నా భయం! సగం డెలివరీలకి నడిచిన ఇన్‌వాయిస్‌ల కంటే నడవనివే నయం. నడవనిది పొద్దున నడుపుకోవచ్చు. సగం నడిచినదాన్ని సరిచేయడానికి మాకు రెండు రోజులు పట్టింది, అదీ నెల ముగింపులో. మీకు ఫినిష్డ్ కనపడితే చాలు. ప్రోగ్రామ్ కూలిపోకుండా చివరిదాకా వెళ్ళిందని తప్ప ఫినిష్డ్‌కి అర్థం లేదు. జాబ్ లాగ్ (జాబ్ నడిచిన తీరు రాసి ఉండే చిట్టా) తెరవరు, స్పూల్‌లో (ప్రోగ్రామ్ ఇచ్చిన రిపోర్టు) ఎన్ని ఎర్రర్లున్నాయో చూడరు.

రాత్రిడ్యూటీ:
రాత్రి 3 గంటలకి ఎంతమంది స్పూల్ చూడమంటారు? షిఫ్ట్‌లో నేనొక్కడినే. మీ ఇన్‌వాయిస్‌ల స్పూల్‌లో ఏ ఎర్రర్ రోజూ వచ్చేదో, ఏది కొంప ముంచేదో నాకెలా తెలుస్తుంది? ఎప్పుడైనా రాసిచ్చారా?

లెడ్జర్:
మేం రాసిచ్చినా ఎవరికి పట్టింది? నా జాబ్ నేను పెట్టుకుందామంటే రిలీజ్ చేసే హక్కు లేదు. సేవ్ చేస్తే షెడ్యూల్డ్‌లో కూర్చుంటుంది, కదలదు. మీలాంటివాళ్ళు రిలీజ్ చేసేదాకా టికెట్ పెట్టి ఎదురుచూడాలి. ఒకసారి వెళ్ళిపోయిన ఉద్యోగి పేరు మీద స్టెప్‌లు పెట్టి వదిలేశారు. ఆ ఐడీ లాక్ చేసిన రాత్రి నుంచి మా జాబ్ మొదలవుతూనే క్యాన్సిల్. నాలుగు రోజులు. అడిగితే ‘జాబ్ మీదే కదా’ అన్నారు. హక్కు మీది, తప్పు మాదా?

కొత్తబ్యాచ్:
దయచేసి ఇద్దరూ కాస్త ఆగండి. నేనడిగింది టైమా, ఈవెంటా అనే.

రాత్రిడ్యూటీ:
ఆగను. ఇది చెప్పాలి. గతంలో పనిచేసిన చోట చెల్లింపుల ఫైల్ జాబ్ నడుమలో క్యాన్సిల్ అయింది. పడిన జాబ్ మళ్ళీ నడపమని మాకిచ్చిన కాగితంలో ఉంది. కాపీ చేసి, ఇమీడియట్ పెట్టి నడిపాను. ఫైల్ అప్పటికే బ్యాంకుకి వెళ్ళిపోయిందట, తరవాతి స్టెప్‌లో పడిందట. డబ్బు రెండుసార్లు వెళ్ళింది. రిపోర్టులో నా పేరు రాశారు. మళ్ళీ నడపకూడదని తెలిసినవాళ్ళు నిద్రపోతున్నారు, తెలియని నేను మెలకువగా ఉన్నాను. అప్పటి నుంచీ జాబ్ ఆగి, అర్ధరాత్రి నేను తేల్చాల్సిన పరిస్థితి ఎక్కడ వస్తుందన్నా నాకు ఇష్టం ఉండదు. మీ గొలుసు ప్రతిసారీ అదే తెచ్చిపెడుతుంది.

లెడ్జర్:
ఇది మొదటే చెప్పాల్సిందండీ. మీరు టైమ్‌ని వెనకేసుకొస్తున్నారనుకున్నాను.

రాత్రిడ్యూటీ:
టైమ్ మీద నాకేం మోజు లేదు. ఈవెంటే పెట్టుకోండి. కానీ ప్రతి జాబ్‌కీ ఒక్క పేజీ కావాలి. మధ్యలో పడితే మొదటి నుంచి నడపొచ్చా, కూడదా? ఏ స్టెప్ నుంచి నడపాలి? ఎంతసేపటికి పూర్తి కాకపోతే అనుమానించాలి? ఎవరికి ఫోన్ చేయాలి? ఈ నాలుగూ లేని జాబ్‌ని నేను రిలీజ్ చేయను. మీరు నిందించిన ఆ హక్కు నేను పట్టుకుని కూర్చున్నది ఇందుకే.

నిదానం:
స్టెప్‌ల మీద మనుషుల ఐడీలు కూడా వద్దు. సిస్టమ్ టైప్ యూజర్ (మనిషిది కాని, ఇలాంటి పనులకే ఉన్న ఐడీ) పెట్టి, ఆ పనికి సరిపడా అనుమతులే ఇవ్వండి. ఉద్యోగి వెళ్ళినా జాబ్ ఆగదు.

లెడ్జర్:
మొదటి మూడూ రాసిస్తాను, మా జాబ్‌లకి ఈ వారమే మొదలుపెడతాను. రెండోసారి నడిస్తే పాత ఇన్‌వాయిస్‌లని మళ్ళీ తీసుకుంటుందా అన్నది డెవలపర్‌ని అడిగి రాయాలి, నాకూ పూర్తిగా తెలియదు. కానీ నాలుగోది, ఫోన్. రాత్రి 3కి నా నంబర్ ఎందుకివ్వాలి? పగలంతా నేనూ పనిచేస్తాను కదా.

రాత్రిడ్యూటీ:
ఎవరిదో ఒకరిది ఉండాలండీ. ఉత్త గడి ఉంటే ఆ గడిలో పేరు నాదే అవుతుంది.

లెడ్జర్:
వారానికొకరు చొప్పున మా నలుగురిలో వంతులు వేయమంటే అడుగుతాను. ఒప్పుకుంటారని మాట ఇవ్వలేను.

కొత్తబ్యాచ్:
రేపు టెస్ట్ సిస్టమ్‌లో ఈవెంట్‌తో మూడూ కట్టి చూస్తాను. డెలివరీల జాబ్‌ని కావాలనే మధ్యలో ఆపి, వెనకవి కదలకుండా ఉన్నాయో లేదో చూసి ఇక్కడే రాస్తాను. ఆ నాలుగు ప్రశ్నలు మా టీమ్‌కి పంపాను. మా చెల్లింపుల ఫైల్ జాబ్ రెండోసారి నడిపితే ఏమవుతుందో మాలో ఒక్కరికీ తెలియదు.