ఏబీఏ (ఆబ్సిసిక్ యాసిడ్ అనే మొక్కల హార్మోన్) ఇస్తే స్టొమాటా (ఆకు మీది సూక్ష్మ రంధ్రాలు) మూసుకుంటున్నాయి, కైనేజ్ ఇన్‌హిబిటర్ వేసినా ఆగట్లేదు

పర్లాకిమిడిలో ఎమ్మెస్సీ బోటనీ ప్రాజెక్ట్ చేస్తున్నానండి. గట్ల మీద దొరికే కమ్మెలైనా అనే కలుపు మొక్క ఆకు అడుగు పొర ఒలిచి, పీహెచ్ నిలకడగా ఉంచే మెస్ బఫర్‌లో (10 మిల్లీమోలార్, పీహెచ్ 6.15, కేసీఎల్ 50 మిల్లీమోలార్) 3 గంటలు లైట్ కింద పెడితే స్టొమాటా బాగా తెరుచుకుంటున్నాయి, సుమారు 8 మైక్రాన్లు, తర్వాత 10 మైక్రోమోలార్ ఏబీఏ వేస్తే 2 గంటల్లో 3కి వచ్చేస్తున్నాయి, ఇక్కడిదాకా ఓకే.

ఏబీఏ రిసెప్టర్‌కి తగిలితే పీపీ2సీ ఫాస్ఫటేజ్ (ప్రోటీన్ల నుంచి ఫాస్ఫేట్ తీసేసే ఎంజైమ్) ఆగిపోయి ఓఎస్‌టీ1 కైనేజ్ (ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్) లేస్తుంది, అది స్లాక్1 చానల్‌ని (స్టొమాటా కణాల్లోంచి అయాన్లు బయటికి పోయే దారి) ఫాస్ఫోరిలేట్ చేసి తెరుస్తుంది, దాంతో స్టొమాటా మూసుకుంటాయి కదా, అందుకే కైనేజ్‌ని ఆపితే మూసుకోకూడదని ఏబీఏకి అరగంట ముందు కె252ఏ అనే కైనేజ్ ఇన్‌హిబిటర్ 1 మైక్రోమోలార్ ఇచ్చా. అయినా 3కే వస్తోంది! డోస్ 5కి పెంచా, గంట ముందు ఇచ్చా, డీఎంఎస్‌ఓలో (మందు కరిగించే ద్రావకం) కొత్త స్టాక్ కలిపా, అదే కథ. ఉత్త డీఎంఎస్‌ఓ 0.1 శాతం వేస్తే 8 దగ్గరే ఉంటోంది, కాబట్టి తప్పు దానిది కాదు. ల్యాబ్‌లో ఏసీ లేదు, మధ్యాహ్నం 33 డిగ్రీలు. కె252ఏకి వెలుతురు పడదంటారు, కానీ లైట్ ఆపేస్తే స్టొమాటా వాటంతటవే మూసుకుంటాయి, అక్కడే ఇరుక్కుపోయా.

ఒలిచిన పొరల మీద కె252ఏ వాడి ఏబీఏని ఆపగలిగినవాళ్ళు ఎంత డోస్, ఎంతసేపు ముందు, ఎలాంటి లైట్‌లో ఇచ్చారో చెప్తారా?