తాడిపత్రి నుంచి అనంతపురం: రోజూ బస్సా, కాలేజీ హాస్టలా, బయట రూమా?

తాడిపత్రి నాన్న
మా అమ్మాయికి అనంతపురంలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. కాలేజీ పేరు ఇక్కడ వద్దులెండి. ఇంట్లో మూడు పార్టీలయ్యాయి. అరవై కిలోమీటర్ల లోపే కదా, రోజూ బస్సులో వెళ్లి రావచ్చని వాళ్లమ్మ. కాలేజీ హాస్టల్లో చేర్పిద్దామని నేను. తనతోపాటు సీటు వచ్చిన ఇద్దరితో కలిసి బయట రూము తీసుకుంటానని అమ్మాయి. ఇంటర్ రెండేళ్లూ విజయవాడలో కార్పొరేట్ కాలేజీ హాస్టల్లోనే ఉంది, కాబట్టి హాస్టల్ తనకు కొత్తేం కాదని నా ధైర్యం. ఉన్నవాళ్లు, పిల్లల్ని ఉంచినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

గుత్తి ప్యాసింజర్
బస్సు మాట ముందే తీసేయండి సార్. నేను మొదటి రెండేళ్లు గుత్తి నుంచి రైల్లో తిరిగాను. పొద్దున ఆరున్నరకు ఇల్లు వదిలితే రాత్రి ఏడున్నరకు చేరేవాణ్ని. అన్నం తిని పుస్తకం తెరిస్తే రెండో పేజీకి నిద్ర. దూరం పెద్ద లెక్క కాదు. రైలు అరగంట లేటయితే మొదటి పీరియడ్ పోతుంది, అసలు కథ అక్కడుంది. జేఎన్‌టీయూ అనంతపురం కింద ఉన్న కాలేజీల్లో 75 శాతం హాజరు ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే కారణం చూపించి, ఫీజు కట్టి బయటపడొచ్చు. 65 దిగితే డిటెన్షనే, ఆ సెమిస్టరు మళ్లీ చదవాలి. మొదటి సంవత్సరం 67తో గట్టెక్కాను. మూడో ఏడు హాస్టల్లో చేరాక నిద్రలేచిన పది నిమిషాలకు క్లాసులో ఉండేవాణ్ని. స్నానం సంగతి అడక్కండి.

కడప కారం
ఇందులో చర్చేముంది? ఆడపిల్ల, మొదటి సంవత్సరం. కాలేజీ హాస్టలే. గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు, వార్డెన్ ఉంటుంది, సాయంత్రం ఆరున్నరకు గేటు వేస్తారు. మా చెల్లెల్ని కడపలో అలాగే ఉంచాం. నాలుగేళ్లు మాకు టెన్షన్ లేదు.

ఉప్పునీళ్లు
కడప కారం అన్నా, మీకు టెన్షన్ లేదు సరే, మీ చెల్లెల్ని అడిగారా?

నేను అనంతపురంలో సెకండియర్, లేడీస్ హాస్టల్. మాకు ఆరున్నరకు గేటు వేస్తారు. అబ్బాయిల హాస్టల్లో తొమ్మిదిన్నరకు కూడా ఎవరో ఒకరు టీ తాగడానికి బయటికి పోతుంటారు. లైబ్రరీ ఎనిమిది దాకా తెరిచే ఉంటుంది, మాకు మాత్రం ఆరుంబావుకే మూసినట్టు. ప్రాజెక్టు గ్రూపులో నలుగురు అబ్బాయిలుంటే వాళ్లు రాత్రి కూర్చుని పని ముగిస్తారు, పొద్దున మనకు ‘అయిపోయింది, పేరు రాశాంలే’ అని చెప్తారు. సేఫ్ అనే మాటకు ఈ ఖరీదు కూడా ఉంది. ఎవరో ఒకరు చెప్పాలి కదా.

అయినా అంకుల్, నేను హాస్టల్ వద్దనను. ఒక్క విషయంలో మాత్రం మీ ధైర్యం తప్పు. ఇంటర్ హాస్టల్ వేరు, ఇది వేరు. నేనూ ఇంటర్ అట్లాగే చదివాను. తెల్లారి ఐదున్నరకు లేపుతారు, స్టడీ అవర్‌లో ఎదురుగా ఒకరు కూర్చుంటారు, వారం పరీక్ష, ర్యాంకు, ఇంటికి మెసేజ్. ఫోన్ ఉండదు. రెండేళ్లు మన తరఫున గంట ఎవరో కొడుతుంటారు. ఇక్కడికొచ్చాక గంట లేదు. లేపేవాళ్లు లేరు, చదవమనేవాళ్లు లేరు, చేతిలో ఫోన్. మొదటి నెల పండగలా ఉంటుంది. నా రూమ్మేట్ ఇంటర్లో 970 దాటిన పిల్ల. మొదటి సెమిస్టర్లో మ్యాథ్స్, ఫిజిక్స్ రెండూ పోయాయి. తెలివి తగ్గి కాదు. తనంతట తాను చదవడానికి కూర్చోవడం రాదు, అంతే. ఆ పని తనతో ఎప్పుడూ ఎవరూ చేయించలేదు.

ఇక నీళ్లు. నా పేరు చూశారు కదా. బోరు నీళ్లతో తలస్నానం చేస్తే రెండో నెలకు దువ్వెన చూసి ఏడుపొస్తుంది. ఎండాకాలం ట్యాంకర్ వస్తుంది. బకెట్ల మీద పెయింటుతో పేర్లు రాసుకుంటాం, అయినా మాయమవుతాయి.

మెస్ సెక్రటరీ (మాజీ)
అందరూ గేటు చుట్టూ తిరుగుతున్నారు, మెస్ లెక్క ఎవరూ చెప్పరేం? తల్లిదండ్రులకు ఎక్కువ అయోమయం అక్కడే. నేను యూనివర్సిటీ హాస్టల్లో ఏడాది మెస్ చూశాను, కూరగాయల మార్కెట్‌కు తెల్లారి నాలుగింటికి పోయినవాణ్ని, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

మెస్ రెండు రకాలు. చాలా ప్రైవేటు కాలేజీల్లో ఏడాదికింత అని మొత్తం ముందే కట్టించుకుంటారు. మీరు తిన్నా తినకపోయినా అంతే. యూనివర్సిటీ హాస్టళ్లలో డివైడింగ్ సిస్టమ్ ఉంటుంది. నెల ఖర్చంతా కూడి, ఎవరెన్ని రోజులు మెస్‌లో ఉన్నారో ఆ రోజులన్నీ కూడి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తారు. వచ్చినది రోజు రేటు. ఇంటికి వెళ్లేముందు రాసిచ్చి వెళ్తే ఆ రోజులు మెస్ కట్.

వినడానికి ఇంత న్యాయం ఎక్కడా లేదనిపిస్తుంది. ఇప్పుడు లెక్క చూడండి. వందమంది, ముప్పై రోజులు, మొత్తం 3,000 రోజులు. వంటవాళ్ల జీతాలు, గ్యాస్ కలిపి 60,000 అనుకుందాం. సరుకులు మనిషికి రోజుకు 70. అందరూ ఉంటే జీతాల వాటా రోజుకు 20 పడుతుంది, రేటు 90, నెలకు 2,700. సంక్రాంతి నెలలో సగం రోజులు మెస్ కట్ అయ్యాయంటే మిగిలేవి 1,500. వంటవాళ్ల జీతం సగం కాదు కదా. వాటా 40 అయి కూర్చుంటుంది, రేటు 110. ఊరికి పోకుండా నెలంతా ఉన్నవాడికి 3,300. అంటే బస్సు ఛార్జీకి డబ్బులు లేక హాస్టల్లోనే ఉండిపోయినవాడు, పండక్కి ఇంటికి పోయినవాడి బదులు ఆరువందలు ఎక్కువ కడతాడు. నేను సెక్రటరీగా ఉన్నప్పుడు దీని మీదే గొడవ. జీతాల భాగం అందరికీ సమానంగా వేద్దామన్నాను, ఇంటికి పోయేవాళ్లదే మెజారిటీ, ఓడిపోయాను. కొన్నిచోట్ల జీతాలకు ఎస్టాబ్లిష్‌మెంట్ ఛార్జీలని విడిగా తీసుకుంటారు. అది ఎంతో మేలు.

చేర్చేముందు మెస్ ఏ పద్ధతో అడగండి. మెస్ కమిటీలో పిల్లలున్నారా, లెక్కల పుస్తకం చూపిస్తారా అడగండి. రుచి గురించి అడక్కండి, ఆ పొద్దు మీరొస్తున్నారని తెలిస్తే పప్పు చిక్కగానే ఉంటుంది.

రూము పార్టీ
థాంక్స్ అన్నా, రూము ఎందుకు తీసుకోవాలో నాకంటే బాగా చెప్పావు. మా నలుగురికి రూము అద్దె ఎనిమిది వేలు, మనిషికి రెండు వేలు. రైస్ కుక్కర్ ఒకటి. పొద్దున సందు చివర బండి మీద ఉగ్గాని బజ్జి. మెస్ కట్ లేదు, గేటు లేదు, వార్డెన్ లేదు. వంట నేర్చుకున్నాం.

మెస్ సెక్రటరీ (మాజీ)
అడ్వాన్సు ఎంత ఇచ్చావ్ తమ్ముడూ? కరెంటు బిల్లు, గ్యాస్, నీళ్ల క్యాన్లు? మే నెలలో మీరు ఊర్లో ఉన్నా అద్దె కట్టారా లేదా? నలుగుర్లో ఒకడు మధ్యలో పోతే వాడి వాటా ఎవరు కట్టారు?

రూము పార్టీ
ఒకడు పోయాడు. మూడు నెలలు మేమే కట్టాం. అది నిజమే. గిన్నెలు ఎవరు కడగాలన్న దగ్గర ఇద్దరికి మాటలు కూడా లేవు. అయినా మళ్లీ రూముకే ఓటు. అయితే నేను రూముకొచ్చింది రెండో సంవత్సరంలో. మొదటి ఏడు హాస్టలే. ఈ నలుగురు దొరికింది అక్కడే.

తాడిపత్రి నాన్న
అందరికీ నమస్కారం. బస్సు సంగతి గుత్తి ప్యాసింజర్ గారు రాసింది వాళ్లమ్మకు చదివి వినిపించాను, ఏమీ అనలేదు. ఇప్పుడు ఆమె భయం ర్యాగింగ్. దాని గురించి ఎవరూ రాయలేదు.

పాత బ్యాచ్
రాయకపోవడానికి కారణం ఉంది, మాలో చాలామంది చేసినవాళ్లమే. నేను తొంభైల మొదట్లో చదివాను. జూనియర్లతో పాటలు పాడించడం, సిగరెట్లు తెప్పించడం, రాత్రి రెండింటికి లేపి మా ల్యాబ్ రికార్డులు రాయించడం. సరదా అనుకున్నాం. ఒక పిల్లవాడు మూడో వారం ట్రంకు పెట్టె సర్దుకుని పోయాడు, మళ్లీ రాలేదు. ఆ అబ్బాయి ఊరు పేరు నాకిప్పటికీ గుర్తుంది.

తర్వాత 1997లో ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది, జైలు శిక్షలతో. 2009లో యూజీసీ నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం పిల్లలూ తల్లిదండ్రులూ ఏటా హామీపత్రం ఇవ్వాలి. కొత్తవాళ్లను వీలైనంతవరకు వేరే బ్లాకులో ఉంచాలి. ర్యాగింగ్ మీద ఫిర్యాదుకు 1800-180-5522 నంబరు ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది. మా రోజులతో పోలిస్తే చాలా తగ్గింది. పూర్తిగా పోయిందని మాత్రం నేను రాయను. ఇప్పుడు అది వాట్సాప్ గ్రూపుల్లో, రికార్డులు రాయించుకోవడంలో మిగిలింది. మీరు చూడాల్సింది ఒకటే, ఫస్టియర్ పిల్లలది వేరే బ్లాకా, సీనియర్లతో కలిపా. కలిపి ఉంచే హాస్టలయితే ఈ ఒక్క విషయంలో అమ్మాయి అడిగిన రూమే మేలంటాను.

కడప కారం
చెల్లెల్ని అడిగాను. ‘నాలుగేళ్లలో ఒక్క సినిమా కూడా రాత్రి ఆట చూడలేదు, అయినా మళ్లీ చేరమంటే చేరతా’ అంది. రెండో ముక్క మీకు, మొదటిది ఉప్పునీళ్లకు.

ఉప్పునీళ్లు
అందాక మేలే. అంకుల్, మా దగ్గర ఫస్టియర్‌కు వేరే ఫ్లోర్. మంచి సీనియర్ ఒకరు దొరికితే పాత ప్రశ్నపత్రాలు, నోట్స్, ఏ లెక్చరర్ దగ్గర జాగ్రత్తగా ఉండాలో అన్నీ వస్తాయి. రూములో ఆ ముగ్గురే ఒకరికొకరు. ముగ్గురూ కొత్తే.

తాడిపత్రి నాన్న
అమ్మాయి ఇదంతా చదివింది. మొదటి ఏడు హాస్టల్, రెండో ఏడు రూము, ఇప్పుడే మాట ఇవ్వమంటోంది. ఇచ్చాను, వాళ్లమ్మ ఎదురుగానే. రేపు సోమవారం వెళ్లి బ్లాకు, మెస్ రెండూ అడిగి వస్తాం. సామాను ఏం పంపాలి? ఇస్త్రీపెట్టె ఉండనిస్తారా?

ఉప్పునీళ్లు
ఇస్త్రీపెట్టె, హీటరు దొరికితే వార్డెన్ తీసుకుంటారు. తాళానికి రెండు చెవులుంటే ఒకటి మీ దగ్గర ఉంచండి. బకెట్ చవకది కొనండి. ఊరిబిండి, కారంపొడి పంపితే రెండు డబ్బాలు పంపండి అంకుల్, ఒకటి మంచం దగ్గరికి చేరేలోపే అయిపోతుంది.